ఏడో నంబరు రాసిందెవరు?

పోయిన వారం మీరు నన్ను కాఫీ ఫ్లాస్కు పక్కన కూర్చోబెట్టి పేజీ తిప్పేశారు. నేనింకా అక్కడే ఉన్నాను, నోరు కుట్టేసుకుని. కొత్తగా వచ్చినవాళ్ళకి నాలుగు ముక్కల్లో చెప్పేస్తాను. పాతవాళ్ళు ఈలోగా ఒక కప్పు పోసుకోండి.

నా పేరు క్రిసాంటా బల్దోసా. క్యాంపస్‌లో అందరికీ నాంగ్ సాంటాని, అంటే సాంటక్కని. సాన్ టెల్మో యూనివర్సిటీ సాహిత్య విభాగంలో పన్నెండేళ్ళుగా జిరాక్స్ మెషిన్ నడుపుతున్నాను. ఏటా వేసవిలో మా విభాగం అయిదు రోజుల పాటు 'కథల బల్ల' పెడుతుంది. కొత్తగా రాస్తున్నవాళ్ళు కథలు టైపు చేసి పెట్టెలో వేస్తారు. వాటి మీద పేర్లుండవు, నంబర్లే. పెద్దలు కూర్చుని పన్నెండు కథల్నీ చీల్చి చెండాడి, అందులో ఆరింటిని పుస్తకంగా వేస్తారు. ఇన్నేళ్ళూ అది విద్యార్థులకే. ఈ ఏడు మాత్రం నోటీసులో 'యూనివర్సిటీకి చెందిన ఎవరైనా' అని రాశారు. ఆ నోటీసు రెండొందల కాపీలు తీసింది నేనే. రెండొందల సార్లు చదివాక నాకు నమ్మకం కుదిరింది. నా కథ తీసుకెళ్ళి పెట్టెలో పడేశాను. దానికి ఏడో నంబరు పడింది.

ఇవాళ నాలుగో రోజు. అయిదు కథల ఎంపిక అయిపోయింది. పుస్తకంలో ఒకే ఒక్క చోటు మిగిలింది. ఇప్పుడు బల్ల మీదున్నది ఏడో నంబరు.

ఈ బల్లకి ఒక మర్యాద ఉంది. రచయిత అందరి మధ్యా కూర్చునే ఉంటాడు గానీ నోరు మెదపకూడదు. తన కథని ఎవరెంత తిట్టినా, ఎంత పొగిడినా బొమ్మలా ఉండాలి. మిగతావాళ్ళు కూడా, రాసింది ఎవరో కనిపెట్టినా సరే, అతని వైపు చూడకూడదు. అంతా అయ్యాక సర్ నొనాటో చెంచాతో గ్లాసు మీద టింగుమని కొడతారు. అప్పుడు రచయిత తనంతట తనే లేచి, "ఇది నాది" అని చెప్పుకుంటాడు. పేర్ల జాబితా ఎక్కడా ఉండదు. పాతికేళ్ళలో ఎవరూ అబద్ధం చెప్పలేదు కాబట్టి జాబితా అవసరం రాలేదు.

ఈ మర్యాదే నా కొంప ముంచింది. చూడకూడదు అన్నారు కదా, మరి ఎవరి వైపు చూడటం లేదో గమనిస్తే రచయిత ఎవరో ఇట్టే తెలిసిపోతుంది. ఇవాళ ఏడో నంబరు కాపీలు పంచి, అందరూ చదవడం ముగించిన దగ్గర్నుంచీ, బల్ల చుట్టూ ఉన్న ఇరవై మందిలో ఒక్కరంటే ఒక్కరు జెస్‌మార్ వైపు చూడలేదు. నన్ను మాత్రం ధారాళంగా చూస్తున్నారు. "నాంగ్, ఇంకో కప్పు", "నాంగ్, నా కాపీలో నాలుగో పేజీ లేదు", "నాంగ్, బుడ్‌బుడ్ ఇంకా మిగిలిందా?" అని. కొబ్బరిపాల అన్నం పొట్లాలు అందిస్తూ నా కథ గురించి నేనే వింటున్నాను.

జెస్‌మార్ ఒర్దానెసా ఆఖరి సంవత్సరం కుర్రాడు. తెలివైనవాడు, ఇస్త్రీ చొక్కా నలగనివ్వడు, మాట తీరు బావుంటుంది. సెబూ నగరం పోటీల్లో రెండు మెడల్స్ కొట్టుకొచ్చాడు. కానీ మా బల్ల మాత్రం మూడేళ్ళుగా వాడి కథని తిప్పికొడుతూనే ఉంది. బల్ల అంటే ఇక్కడ మ్యామ్ ఒలింపియా అనుకోండి. డెబ్భై రెండేళ్ళ మనిషి, రిటైరై పదేళ్ళయినా బల్ల తల దగ్గర కుర్చీ ఆవిడదే. పోయినేడు జెస్‌మార్ కథ చదివి, "చొక్కా బాగా కుట్టావు బాబూ, లోపల మనిషే లేడు" అన్నారు. గదంతా నవ్వింది. వాడూ నవ్వాడు. వాడి చెవులు మాత్రం సాయంత్రం దాకా ఎర్రగానే ఉన్నాయి, నేను చూశాను.

అలాంటి మ్యామ్ ఒలింపియా ఇవాళ విసనకర్ర మూసి బల్ల మీద పెట్టారు. ఆవిడ విసురుకోవడం ఆపారంటే విషయం ఉందని అర్థం.

"ఈ కథలో ఆవిణ్ణి చూడండి," అన్నారు. "మొగుడు లాంచీలో వంటవాడు. భోజనం మధ్యలో లేచి వెళ్ళిపోయాడు. మనందరి ఇళ్ళల్లో చేసేదే చేసింది, తింటున్నవాళ్ళ మధ్యనుంచి ఒకరు బయల్దేరితే వాళ్ళు క్షేమంగా చేరాలని మన పళ్ళెం ఒకసారి తిప్పుతామే, అలా తిప్పింది. వాడు రాలేదు. మర్నాడు అన్నం ముందు కూర్చుని మళ్ళీ తిప్పింది. పదకొండేళ్ళు రోజూ తిప్పింది. ఏడుపు లేదు, ఉత్తరం లేదు, దేవుడికి కొవ్వొత్తి లేదు. ఒక్క పళ్ళెం. నాకు ఇంత కంటే ఏం కావాలి?"

ఫ్లాస్కు మూత బిగించి పెట్టాను. నిజం చెబుతున్నాను, గర్వంగా అనిపించింది. నా కథ బావుందని నాకు ముందే తెలుసు. పన్నెండేళ్ళుగా మెషిన్‌లోంచి వేడివేడిగా వచ్చిన ప్రతి కథనీ అందరికన్నా ముందు చదివినదాన్ని. ఏది అతుకు, ఏది అసలు అన్నది నాకు పట్టుబడింది. అయినా ఆవిడ నోట వింటే వేరు కదా.

"ముగింపు సంగతేమిటి?" అన్నారు సర్ నొనాటో. ఆయన మా విభాగాధిపతి, గ్లాసూ చెంచా ఆయన అధీనంలోనే ఉంటాయి. "మొగుడు దురియన్ పళ్ళ బుట్టతో తిరిగొచ్చాడు. అన్నం పెట్టింది. వాడు సగంలో లేచి, రేవులో ఇంకో మూట ఉంది తెచ్చుకుంటానని వెళ్ళాడు. ఈసారి ఆవిడ పళ్ళెం తిప్పలేదు. అక్కడ ఆపేశాడు. ఎందుకు తిప్పలేదో చెప్పాలా వద్దా?"

ఆపేశాడు అన్నారు చూశారా. గదంతా అప్పటికే నిర్ణయించేసుకుంది, రాసింది మగాడని, పైగా ఫలానా మగాడని. ఒకరు చెప్పాలన్నారు, ఒకరు వద్దన్నారు, మూడో సంవత్సరం అమ్మాయొకతి ఆ మొగుణ్ణి రేవులో ముంచేయాలంది. అరగంట అలా నడిచింది. ఆ అరగంటా జెస్‌మార్ తల వంచుకుని పెన్సిల్ వైపే చూస్తూ కూర్చున్నాడు. తనది కాని కథని పొగుడుతుంటే ఎవడైనా తల ఎత్తుకుని వింటాడు. వాడు వంచుకున్నాడు. అప్పుడే నాకు అనుమానం వచ్చింది.

సర్ నొనాటో గ్లాసు మీద టింగుమనిపించారు.

నేను ఫ్లాస్కు కింద పెట్టి, గౌను సర్దుకుని లేచాను. సరిగ్గా అప్పుడే బల్ల అవతల జెస్‌మార్ కూడా లేచాడు.

ఇరవై తలలూ ఒక్కసారి వాడి వైపు తిరిగాయి. పొద్దున్నుంచి దాచుకున్న చూపులన్నీ గుమ్మరించేశారు. సర్ నొనాటో మాత్రం నా వైపు తిరిగి చెయ్యి ఊపారు. "సాంటా, కాపీలు తర్వాత పోగేద్దువుగాని, కూర్చో. రచయిత మాట్లాడనీ."

నేను లేచింది కాపీల కోసమని అనుకున్నారు. కోపం రాలేదు, ముందు నవ్వొచ్చింది. నవ్వు అయ్యాక కోపం వచ్చింది. కానీ కూర్చున్నాను. ఏమంటాడో విందామనిపించింది.

"ఇది నాది మ్యామ్," అన్నాడు జెస్‌మార్.

చప్పట్లు కొట్టారు. మ్యామ్ ఒలింపియా కొట్టలేదు, వాడినే చూస్తూ అడిగారు. "అయితే చెప్పు. ఆవిడ పళ్ళెం ఎందుకు తిప్పలేదు?"

వాడు ఒక్క క్షణం ఆలోచించాడు. తెలివైనవాడని చెప్పాను కదా. "ఆవిడ ఇక అతని క్షేమం కోరుకోవడం మానేసింది మ్యామ్. పదకొండేళ్ళ కోపం అంతా ఆ తిప్పని పళ్ళెంలో ఉంది. అదే ఆవిడ వేసిన శిక్ష."

గది "ఆహా" అంది. నాక్కూడా, ఒట్టు, ఆహా అనే అనిపించింది. అంత అందంగా నేను చెప్పలేను. అందంగా ఉంది గానీ తప్పు.

మళ్ళీ లేచాను.

"సాంటా..." అన్నారు సర్ నొనాటో, ఈసారి విసుగ్గా.

"కాపీల కోసం కాదు సర్. రచయిత మాట్లాడాలి అన్నారుగా, మాట్లాడటానికి లేచాను. అతను చెప్పింది తప్పు. ఆవిడకి కోపమూ లేదు, శిక్షా లేదు. మర్చిపోయింది."

"ఏంటీ?"

"మర్చిపోయింది సర్. చేపకి ముల్లు తీసుకుంటోంది, వేళ్ళకి అన్నం అంటుకుని ఉంది. వాడు గేటు దాటాక గుర్తొచ్చింది, అయ్యో తిప్పలేదే అని. పదకొండేళ్ళలో మొదటిసారి మర్చిపోయింది. మర్చిపోయినందుకు గుండె దడదడలాడుతుందేమోనని కాసేపు ఆగి చూసుకుంది. ఆడలేదు. మిగతా చేప తినేసింది. అంతే."

మ్యామ్ ఒలింపియా తన కాపీ ఆఖరి పేజీ తిరగేసి చివరి నాలుగు వాక్యాలూ మళ్ళీ చదివారు. పెదాలు కదులుతున్నాయి. చదివాక కళ్ళజోడు తీసి నన్ను చూశారు. పన్నెండేళ్ళుగా ఆవిడకి కాఫీ పోస్తున్నాను, చక్కెర ఎంతో చెప్పడానికి తప్ప ఆవిడ నన్ను తలెత్తి చూసింది అదే మొదలు.

"మర్చిపోయింది," అన్నారు నెమ్మదిగా. "అవును. మర్చిపోయింది."

"మ్యామ్, ఒక్క నిమిషం," సర్ నొనాటో అందుకున్నారు. చెడ్డవాడు కాదాయన. యూనివర్సిటీకి చెందిన ఎవరైనా అని నోటీసులో రాసినప్పుడు ఆయన మనసులో ఉన్నది లెక్కల మేష్టార్లు, మహా అయితే లైబ్రేరియన్. నేను కాదు. "బాగా చదివేవాళ్ళు ఎవరైనా ఆ మాట అనగలరు. సాంటా చేతుల మీదుగా ఏటా పన్నెండు కథలు వెళతాయి. పన్నెండేళ్ళు. మనం తిప్పికొట్టినవి ఎన్నో, ఎవరికీ గుర్తు లేనివి ఎన్నో. అందులోంచి ఒకటి... నేను నింద వేయడం లేదు, సాంటా. అడుగుతున్నాను."

"వేస్తూనే ఉన్నారు సర్. ఫరవాలేదు, వేయండి," అన్నాను. నా గొంతు నాకే బావున్నట్టు అనిపించింది. "రెండు నిమిషాలు ఆగండి, వస్తాను."

మెషిన్ గది మెట్ల కిందే. రెండేళ్ళుగా మా దీవిలో కరెంటు కోతలు ఎలా ఉన్నాయో మీకు తెలుసు, రోజుకి ఎనిమిది గంటలు. కాపీలు తీస్తుండగా పోతే మెషిన్ కాగితాన్ని సగం మింగి ఆగిపోతుంది. కరెంటు వచ్చాక లాగితే ఒకవైపు సగం అచ్చు, మిగతా సగం తెలుపు. అవి ఎవరికీ అక్కర్లేదు. పారెయ్యడానికి నాకు చేతులు రావు. వెనక వైపు ఖాళీగా ఉంటుంది కదా, దాని మీదే రాసుకుంటాను. కథంతా అలాంటి కాగితాల మీదే రాశాను, నాలుగు సార్లు. ఆ తర్వాతే శనివారాలు ఆఫీసు టైపు మిషన్ మీద కొట్టాను. ఆ కట్ట, రబ్బరు బ్యాండు తీయకుండా తెచ్చి మ్యామ్ ఒలింపియా ముందు పెట్టాను.

ఆవిడ ఒక్కొక్క కాగితమే తిప్పారు. మొదటిసారి రాసినదాంట్లో ఆవిడ పళ్ళెం తిప్పుతుంది. రెండోసారి పళ్ళెం విసిరి కొడుతుంది. అప్పట్లో నాక్కూడా కోపం ఎక్కువే. మూడోసారి పళ్ళెం చేతిలో పట్టుకుని గుమ్మం దాకా వెళుతుంది. ఆ మూడోదాంట్లో రెండు చోట్ల మొగుడి పేరు ఎర్నింగ్ అని పడింది, కొట్టేసి కథలో పేరు రాశాను. ఎర్నింగ్ మా ఆయన. మ్యామ్ ఒలింపియా ఆ కొట్టివేత మీద వేలు పెట్టి కాసేపు ఉంచారు. నాలుగోసారి మర్చిపోయింది.

"ఎన్నాళ్ళు రాశావు?"

"రెండేళ్ళు మ్యామ్. కరెంటు ఎంత పోతే అంత రాశాను."

ఆవిడ నవ్వారు. కట్టని సర్ నొనాటో వైపు జరిపారు. ఆయన రెండు కాగితాలు చూసి, నాకే తిరిగి ఇచ్చేశారు. మూడో సంవత్సరం అమ్మాయి ముందు చప్పట్లు మొదలెట్టింది. మిగతావాళ్ళు అందుకున్నారు. ఇందాక జెస్‌మార్‌కి కొట్టినదానికంటే ఎక్కువ కొట్టారా తక్కువ కొట్టారా అని నేను లెక్క చూసుకున్నాను, సిగ్గు లేకుండా. ఎక్కువే.

జెస్‌మార్ ఇంకా నిలబడే ఉన్నాడు. ఎవరూ కూర్చోమనలేదు, తనకి కూర్చోవాలని తోచలేదు.

"ఎందుకు బాబూ?" అడిగారు మ్యామ్ ఒలింపియా. కేకలు వేస్తే బావుండేది.

"అందరూ నా వైపు చూడటం మానేశారు మ్యామ్," అన్నాడు వాడు. "అంటే నేనే రాశాననుకుంటున్నారని అర్థమైంది. మీరు మెచ్చుకుంటున్నారు. మూడేళ్ళుగా ఈ గదిలో నన్ను చూసి ఎవరూ నవ్వని రోజు ఇదొక్కటే. గ్లాసు మోగేసరికి కాళ్ళు వాటంతటవే లేచాయి."

"నీ అసలు నంబరేది?"

"తొమ్మిది."

"తొమ్మిది కొట్టేయండి," అన్నారు సర్ నొనాటో, ముందున్న కాగితం మీద గీత పెట్టేస్తూ. "పాతికేళ్ళ మర్యాద. ఇది వదిలేస్తే రేపటి నుంచి జాబితాలు, సంతకాలు, సీళ్ళు కావాలి మనకి. వేరేవాళ్ళ కథ నాదన్నవాడి కథ ఈ బల్ల మీదికి రాదు. సాంటా, రేపటి కాపీల్లో తొమ్మిది తియ్యొద్దు."

జెస్‌మార్ తల ఊపాడు. తన పెన్సిల్ జేబులో పెట్టుకున్నాడు. నా కుర్చీ వెనకనుంచి వెళుతూ, "సారీ నాంగ్," అని గొణిగి బయటికి వెళ్ళిపోయాడు. తలుపు నెమ్మదిగా వేశాడు.

అక్కడితో ఆగిపోతే ఈ వారం నా అంత అదృష్టవంతురాలు ఉండేది కాదు. మిగిలింది ఒక్క చోటు. రేపు రావాల్సినవాటిలో ఎనిమిది, పది, పదకొండు, పన్నెండు నేను చదివాను. నా ముందు నిలబడేవి కావు. ఆ చోటు నాది. పుస్తకంలో నా పేరు అచ్చవుతుంది, మా అమ్మ పెట్టిన పూర్తి పేరు. ఊరికే నోరు మూసుకుని కప్పులు తీసేస్తే చాలు.

కానీ తొమ్మిది కూడా నేను చదివాను. నిన్న సాయంత్రం అది మెషిన్ మీద పెట్టగానే కరెంటు పోయింది. ఒక్క కాపీ కూడా రాలేదు. చేసేది లేక కిటికీ దగ్గర నిలబడి, ఉన్న వెలుతురులో రెండుసార్లు చదివాను. కోడిపందేల దగ్గర గాయపడిన పుంజులకి కుట్లు వేసే మనిషి కథ అది, అతని కొడుకు చెబుతాడు. చదువుతున్నంతసేపూ ఇది జెస్‌మార్ రాసిందని నాకు తట్టనే లేదు. ఇస్త్రీ చొక్కా జాడే లేదు అందులో. లోపల ఒక మనిషి ఉన్నాడు, వాడి తండ్రి ఉన్నాడు, నెత్తురు వాసన ఉంది. వాడు ఇన్నాళ్ళూ తండ్రి మాటెత్తకుండా, తన మేనమామ లాయరని చెప్పుకుని తిరిగింది ఎందుకో కూడా నాకు ఇప్పుడే అర్థమైంది. అసలు కథ రాసుకుని కూడా వాడు దాన్ని నమ్మలేకపోయాడు. నాది పట్టుకుని లేచాడు.

నాకు ఒళ్ళు మండింది. వాడి మీదా, నా మీదా.

"మ్యామ్," అన్నాను. "తొమ్మిదో నంబరు బల్ల మీదికి రావాలి."

సర్ నొనాటో చెంచా కింద పెట్టారు. "నీ కథ ఎత్తుకోబోయినవాడి కథా? నీకు మతి ఉందా, సాంటా?"

"తప్పు వాడు చేశాడు సర్, కథ చెయ్యలేదు. వాణ్ణి ఏం చేస్తారో చెయ్యండి, ఏడాదంతా నా గదిలో కాగితాలు మోయించండి. కథ చదవకుండా కొట్టేయకండి. దాన్ని చదివింది ఈ గదిలో నేనొక్కదాన్నే."

మ్యామ్ ఒలింపియా విసనకర్ర మళ్ళీ తెరిచారు. రెండుసార్లు విసురుకుని మూసేశారు. "నీ కథ కన్నా బావుందా?"

అందరూ నన్నే చూస్తున్నారు. ఇందాకటి నుంచి గదంతా నా వైపే ఉంది. ఒక్క 'లేదు' అంటే చాలు, ఎప్పటికీ నా వైపే ఉంటుంది. మెషిన్ దగ్గర పన్నెండేళ్ళలో నేను సెలవు చీటీల్లో అబద్ధం రాశాను, ఎర్నింగ్ గురించి మా అమ్మకి అబద్ధం చెప్పాను. కథ గురించి మాత్రం ఎవరికీ ఎప్పుడూ చెప్పలేదు.

"బావుంది మ్యామ్," అన్నాను.

ఆవిడ సర్ నొనాటో వైపు తిరిగారు. "రేపు పొద్దున ఎనిమిది గంటలకి మొదట తొమ్మిది. చదివి చూద్దాం. కథ బల్ల మీద ఉంటే ఆ ఆఖరి చోటుకి ఈ రెండూ పోటీ. లేకపోతే, మిగతా నాలుగూ ఏడుని మించనంతవరకూ, చోటు క్రిసాంటాది. దీని మీద ఇంక మాట్లాడను."

సాంటా అనలేదు. క్రిసాంటా అన్నారు. అది వింటూనే మెట్లు దిగాను, కరెంటు ఉండగానే కాపీలు తీసేయాలని. మధ్యాహ్నం మూడు కావొస్తోంది, నాలుగింటికి మళ్ళీ కోత.

మెషిన్ పక్కన ట్రేలో ఎనిమిది ఉంది. దాని కింద పది ఉంది. తొమ్మిది లేదు.

కింద చూశాను, మెషిన్ వెనక చూశాను, చెత్తబుట్ట బోర్లించాను. కిటికీ తలుపు బార్లా తెరిచి ఉంది, నేను మూసే వెళ్ళాను. కిటికీలోంచి చూస్తే సముద్రపు రోడ్డు దాకా కనిపిస్తుంది. అక్కడ ఇస్త్రీ చొక్కా ఒకటి, చంకలో కాగితాలతో, రేవు వైపు గబగబా నడుస్తోంది.

"డోంగ్! ఒరేయ్ అబ్బాయ్ జెస్‌మార్!" అని అరిచాను. సికిహోర్ దీవికి వెళ్ళే లాంచీ కూత పెట్టింది, నా అరుపు అందులో కలిసిపోయింది. నేను రేవుకి చేరేలోగా లాంచీ కదిలిపోతుంది. వాడి ఊరు ఆ దీవిలోనే. అదొక్కటే ప్రతి, కార్బన్ కాగితం కొనే అలవాటు మా కుర్రాళ్ళకి లేదు.

కుర్చీలో కూలబడ్డాను. నేనేం దొంగతనం చెయ్యలేదు, అబద్ధం ఆడలేదు. వాడే తీసుకుపోయాడు. రేపు ఎనిమిదింటికి బల్ల ఖాళీగా ఉంటుంది, చోటు నాదవుతుంది, ఎవరూ నన్ను ఒక్క మాట అనరు. కాసేపు ఆ ఆలోచనతో హాయిగానే కూర్చున్నాను, దాచడమెందుకు.

అది పదకొండు పేజీల కథ. రెండుసార్లు చదివాను. కళ్ళు మూసుకుంటే మొదటి పేజీలో వాక్యాలు ఎక్కడ విరిగాయో కూడా కనిపిస్తోంది. చదివింది మర్చిపోయే అలవాటు నాకు లేదు.

మెషిన్ మింగి వదిలేసిన కాగితం ఒకటి లాగాను, వెనక్కి తిప్పాను, పెన్ను తీశాను. 'మా నాన్న సూదిలోకి దారం ఎక్కించేటప్పుడు గదిలో ఎవ్వరూ మాట్లాడకూడదు, కోడి కూడా' అని రాశాను. రెండో వాక్యం దానంతటదే వచ్చింది. మూడో దగ్గర ఒక మాట వాడిదో నాదో తేలక కొట్టేసి, మళ్ళీ రాశాను. పేరా పూర్తయింది. చెయ్యి పరిగెత్తుతోంది. రెండో పేజీ సగానికి వచ్చాక కాగితం మీద నీడ పడింది.

సర్ నొనాటో గుమ్మంలో నిలబడి ఉన్నారు. ఆయన చూపు ఖాళీ ట్రే మీదికి వెళ్ళింది, అక్కణ్ణుంచి నా పెన్ను మీదికి వచ్చింది.

"తొమ్మిదో నంబరు ఎక్కడుంది, సాంటా?" అన్నారు. "నువ్వు రాస్తున్నది ఎవరి కథ?"